ఏ పక్కటెముక ఏ వెన్నుపూసకు? పట్టిక బట్టీ పట్టకుండా నేను నేర్చుకున్న పద్ధతి

మీరు అడిగింది ఇది: "ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. థొరాసిక్ వెన్నుపూసల మీద ఫాసెట్ల పట్టిక ఎన్నిసార్లు చదివినా వైవాలో తారుమారైపోతోంది. ఏ పక్కటెముక ఏ పూసకు అతుక్కుంటుందో ఎలా గుర్తుపెట్టుకోవాలి?" సరిగ్గా ఇక్కడే నేనూ దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. (థొరాసిక్ పూసలంటే ఛాతీ వెనక ఉండేవి, ఫాసెట్ అంటే ఒక ఎముక ఇంకో ఎముకకు ఆనే నున్నటి చోటు.)

నా వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎగ్జామినర్ గారు తాడుకు గుచ్చిన వెన్నుపూసల వరుస ఒకటి, విడిగా ఒక పక్కటెముక బల్ల మీద పెట్టారు. "ఇది కుడివైపు ఆరోది. దాని చోట కూర్చోబెట్టు" అన్నారు. పట్టిక నాకు నోటికి వచ్చు. పక్కటెముక తల రెండు పూసలకు తగులుతుందనీ తెలుసు. ఆరో పూసకీ ఏడో పూసకీ మధ్య పెట్టేశాను. ఆయన ఏమీ అనకుండా దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఒక మెట్టు పైకి జరిపి, అయిదుకీ ఆరుకీ మధ్య పెట్టారు. అక్కడ అది టక్కున కూర్చుంది. నేను పెట్టిన చోట అసలు ఆనలేదు కూడా, కంగారులో గమనించుకోలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఎముకలతోనే కూర్చున్నాను. అప్పుడు తెలిసిన విషయం ఏమిటంటే, మనం పక్కటెముకను తల దగ్గర మొదలుపెట్టి చదువుతాం, అందుకే తికమక. ట్యూబర్‌కిల్ దగ్గర మొదలుపెట్టాలి.

పక్కటెముక మెడ అయిపోయిన చోట వెనకవైపు చిన్న బొడిపె ఉంటుంది. అదే ట్యూబర్‌కిల్. అది ఎప్పుడూ తన నంబరు పూస ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌కే (పూస నుంచి పక్కకు పొడుచుకొచ్చిన కొమ్ముకే) ఆనుతుంది. ఆరోది ఆరో పూసకే, పదో పక్కటెముక వరకు ఇందులో మినహాయింపు లేదు. అంటే పక్కటెముక ముందు తన పూస మీద చేరగిలబడుతుందన్నమాట. అక్కడి నుంచి మెడ ముందుకీ లోపలికీ సాగుతూ కొంచెం పైకి ఎక్కుతుంది. అలా ఎక్కింది కాబట్టి తల వెళ్లి ఆగేది తన పూస బాడీ (ముందున్న దిమ్మె లాంటి భాగం) పై అంచు దగ్గర. ఇంకాస్త మిగిలిన తల, డిస్క్ దాటి పైపూస కింది అంచుకు తగులుతుంది. కాబట్టి రెండు నుంచి తొమ్మిది వరకు ప్రతి తలకూ తన పూస, దాని పైపూస. కిందిపూసతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఒక పక్కటెముక తలను వెలుతురులో పట్టుకుని దగ్గరగా చూడండి. మధ్యలో సన్నటి గట్టు, దానికి అటూ ఇటూ రెండు నున్నటి పలకలు కనిపిస్తాయి. కింది పలక పెద్దది, పైది చిన్నది. పెద్దది తన సొంత పూసకు, చిన్నది పైపూసకు. ఆ గట్టు నుంచి ఒక పొట్టి లిగమెంట్ (ఎముకలను కట్టి ఉంచే నార) వెళ్లి నేరుగా డిస్క్‌కి కట్టుకుంటుంది. ఇప్పుడు పూసను తిప్పి చూస్తే అక్కడా ఇదే లెక్క. పెడికిల్ (బాడీ నుంచి వెనక్కి వెళ్లే పొట్టి కాడ) మొదట్లో, పై అంచున ఉన్న సగం ఫాసెట్ పెద్దదిగా, కింది అంచున ఉన్నది చిన్నదిగా ఉంటుంది. నాకు ఈ రెండు కొలతలూ ఒకదానికొకటి సరిపోవడం చూసిన రోజు నుంచి ఈ జాయింట్ మీద అనుమానం రాలేదు.

ఇక పట్టిక దానంతట అదే వచ్చేస్తుంది, చూడండి. రెండు నుంచి ఎనిమిది వరకు ప్రతి పూసా పై అంచున తన పక్కటెముకకు సగం, కింది అంచున కింది పక్కటెముకకు సగం ఇస్తుంది. మొదటి పక్కటెముక తల మొత్తం టి-1 (మొదటి థొరాసిక్ పూస) మీదే కూర్చుంటుంది, అందుకే దాని పైన నిండు ఫాసెట్, కింద రెండోదాని కోసం సగం. పది, పదకొండు, పన్నెండు పక్కటెముకలు సాధారణంగా తమ పూసను మాత్రమే తాకుతాయి. కాబట్టి టి-10, 11, 12లకు ఒక్కో పక్క ఒక్కటే ఫాసెట్. పదోది పైకి రావడం లేదు కాబట్టి టి-9 కింది అంచున ఏమీ అక్కర్లేదు. పదకొండు, పన్నెండు పక్కటెముకలకు ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌తో జాయింటే లేదు, అందుకే ఆ రెండు పూసల ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌ల మీద ఫాసెట్ వెతకడం దండగ.

మరి చేతికిచ్చిన పూస అసలు థొరాసిక్కేనా అన్నది బాడీ పక్కన ఫాసెట్ ఉందా లేదా అన్నదానితోనే తేలిపోతుంది. హృదయాకారం బాడీ, గుండ్రటి రంధ్రం, కిందికి వాలిన స్పైనస్ ప్రాసెస్ (వెనక్కి పొడుచుకొచ్చిన ముల్లు) అని పుస్తకంలో ఉన్నవి నిజమే కానీ అవి మధ్య పూసల్లోనే స్పష్టంగా ఉంటాయి. టి-1 బాడీ మెడపూసలా అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, టి-12 నడుంపూసలా ఉంటుంది. టి-12ని పట్టుకోవడానికి నేను చూసేది కింది ఆర్టిక్యులర్ ఫాసెట్లను, అంటే కిందిపూసతో కలిసేవాటిని. మిగతా థొరాసిక్ పూసల్లో అవి ముందుకు చూస్తుంటే, దీనిలో మాత్రం లంబార్ (నడుం) పూసలో లాగా బయటి పక్కలకు తిరిగి ఉంటాయి.

ఇక్కడితో ఆపేస్తే మీ వైవా గట్టెక్కుతుంది. కానీ ఈ రెండు జాయింట్లు ఎందుకున్నాయో తెలిస్తే జన్మలో మర్చిపోరు. తలుపుకు రెండు బందులు ఉంటాయి కదా, ఆ రెంటినీ కలిపే గీత చుట్టూనే తలుపు తిరుగుతుంది. పక్కటెముకకు ఒక బందు తల దగ్గర, రెండోది ట్యూబర్‌కిల్ దగ్గర. రెంటినీ కలిపే గీత మెడ వెంట పోతుంది. పైన ఉన్న పక్కటెముకల్లో ఆ గీత కాస్త అడ్డంగా ఉంటుంది, కాబట్టి అది తిరిగితే ముందుకొస లేస్తుంది, రొమ్ము ఎముక పైకీ ముందుకీ వస్తుంది. కింది పక్కటెముకల్లో ఆ గీత వెనక్కి మరింత ఏటవాలుగా తిరుగుతుంది, అప్పుడు బకెట్ పిడి లేచినట్టు పక్కభాగం బయటికి లేస్తుంది. ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ మీది ఫాసెట్లు కూడా దీనికి తగ్గట్టే ఉంటాయి. పై ఆరింటిలో దాదాపుగా గుంటగా ఉండి ట్యూబర్‌కిల్‌ను దొర్లనిస్తాయి. ఏడు నుంచి పది వరకు చదునుగా, పైకి చూస్తూ ఉండి జారనిస్తాయి. వేలితో తడిమితే ఈ తేడా తెలుస్తుంది. ఒక చెయ్యి రొమ్ము మీద, ఇంకో చెయ్యి కింది పక్కటెముకల పక్కన పెట్టి నిదానంగా ఊపిరి పీల్చండి, రెండు చేతులూ రెండు దిక్కులకు కదులుతాయి.

ఈ జాయింట్ నా ఒంట్లో ఉందని నాకు గట్టిగా తెలిసింది మాత్రం చదువయ్యాక. ఒకసారి రెండు వారాలు వదలని దగ్గు. ఒక రోజు పొద్దున దగ్గగానే ఎడమవైపు, వెన్నెముకకు రెండు మూడు వేళ్ల దూరంలో, కత్తితో పొడిచినట్టయింది. ఆ తర్వాత లోతుగా ఊపిరి పీల్చినా, అటు తిరిగినా అదే పోటు. ఎడమవైపు కదా, టెన్షన్ పడి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. వెళ్లడమే మంచిది. ఛాతీలోనో వీపులోనో కొత్తగా వచ్చిన నొప్పిని ఎముకల నొప్పే అని మనంతట మనం తీర్మానించుకోకూడదు, గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని ముందు తేలాలి. అవి తేలాక ఆవిడ బొటనవేలితో ట్యూబర్‌కిల్ మీద నొక్కారు. అచ్చంగా అదే నొప్పి. అన్ని రోజుల దగ్గుకు ఆ కాస్టోట్రాన్స్‌వర్స్ జాయింట్ (ట్యూబర్‌కిల్ ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌కు ఆనే చోటు) రేగిందని చెప్పారు. ఇది కూడా మోకాలిలాగే సైనోవియల్ జాయింటే (లోపల జారుడు ద్రవం ఉండే కీలే), దానికీ క్యాప్స్యూల్, లిగమెంట్లు, నరం కొమ్మలు ఉన్నాయి. పైగా రాత్రీ పగలూ ప్రతి ఊపిరికీ కదలక తప్పదు, మోకాలిని ఆపినట్టు దీన్ని ఆపి ఉంచలేం. దగ్గు తగ్గాక కొన్ని వారాలకు సర్దుకుంది.

అప్పుడే నేనొక పొరపాటు కూడా చేశాను, మీరు ప్రాక్టికల్స్‌లో చేస్తారేమో అని చెబుతున్నాను. నొప్పి ఎన్నో పక్కటెముకదో తెలుసుకుందామని మెడ కింద పొడుచుకొచ్చే సి-7 (ఏడో మెడపూస) నుంచి స్నేహితుడి చేత ముళ్లు, అంటే స్పైనస్ ప్రాసెస్‌ల కొసలు, లెక్కపెట్టించాను. వేలు ఆరో ముల్లు మీద ఆగింది, పక్కకు జరిగి "ఆరో పక్కటెముక" అనేసుకున్నాం. తప్పు. అయిదు నుంచి ఎనిమిది వరకు పూసల ముళ్లు పొడవుగా, బాగా కిందికి వాలి ఉంటాయి. ఆరో ముల్లు కొస దాదాపు ఏడో పూస ఎత్తులో తగులుతుంది. అంటే అక్కడి నుంచి పక్కకు జరిగితే చేతికి దొరికేది ఏడో పూస ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్, ఏడో పక్కటెముక. మొదటి రెండు మూడు పూసల దగ్గర ఈ తేడా పెద్దగా ఉండదు, చివరి పూసల దగ్గర మళ్లీ తగ్గుతుంది. చేతులు పక్కకు వదిలి నిలబడినప్పుడు రెక్క ఎముక కింది కొన సుమారుగా ఏడో ముల్లు ఎత్తులో ఉంటుంది, లెక్క సరిచూసుకోవడానికి అది వాడుకోండి.

చివరగా, మీ కాలేజీ ఎముకల్లో టి-9 కింది అంచున సగం ఫాసెట్ కనిపిస్తే కంగారుపడకండి. కొందరిలో పదో పక్కటెముక టి-9ని కూడా తాకుతుంది. వైవాలో అలాంటి ఎముక మీ చేతికొస్తే, "మామూలుగా ఉండదు, దీనిలో ఉంది, పదోది ఇక్కడి వరకు వచ్చింది" అని ఆ ఫాసెట్ మీద వేలు పెట్టి చూపించండి.