పాట గది: జీబీలు చూసి పియానో కొనకండి

ప్రశ్న: నేను విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఉంటాను. ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. లలితగీతాలు రాసి, ట్యూన్ కట్టి, మా అమ్మాయి చేత పాడించి ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నాను. 61 కీల కీబోర్డు, 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైకు ఉన్నాయి. గొంతు బాగానే వస్తోంది కానీ పియానో మాత్రం స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టినట్టుంది. వంద జీబీల పియానో సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తప్ప నిజం పియానోలా ఉండదని మా ఎదురింటి అబ్బాయి అంటున్నాడు. పదివేల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు?

జవాబు: టీచరు గారూ, ముందు ఆ పదివేలు బీరువాలోనే ఉంచండి. ఈ నెల వాటితో పని లేదు.

నిజం పియానో అన్నారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. నేను మొదటిసారి నిజం పియానో ముట్టుకున్నది పందొమ్మిదో ఏట, వన్ టౌన్‌లో ఒక చర్చిలో. మన సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే, కిటికీ ఊచల్నే తినేస్తుంది. ఆ పియానో తీగలు తుప్పు పట్టాయి. చెక్క చెమ్మకి ఉబ్బి రెండు మెట్లు నొక్కితే కిందే ఉండిపోయేవి, వేలితో పైకి లేపాలి. (హార్మోనియం మీద నేర్చుకున్నవాణ్ణి, నాకు కీస్ అనడం కంటే మెట్లు అనడమే అలవాటు.) అది నూటికి నూరుపాళ్లు నిజం పియానోయే. దాన్ని ఉన్నదున్నట్టు మీ పాటలో పెడితే మీరు నాకు ఇంకో ఉత్తరం రాస్తారు, ఇంతకంటే కోపంగా. మనలో చాలామంది పియానోని దగ్గర కూర్చుని వినలేదు. సినిమా పాటల్లో, క్యాసెట్లలో, ఫోన్లలో విన్నాం. కాబట్టి మనం నిజం అనుకునేది రికార్డైన పియానోని. ఎవరో మంచి గదిలో మంచి మైకులు పెట్టి తీసిన ధ్వని అది. మీకు కావలసింది కూడా అదే, తప్పేం లేదు.

సాఫ్ట్‌వేర్ పియానోలు ప్రధానంగా రెండు జాతులు. ఒకటి శాంపిల్ పియానో. అసలు పియానో మీద ఒక్కో మెట్టునీ మెత్తగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టి రికార్డు చేసి పెడతారు. మీరు మెట్టు నొక్కగానే దానికి సరిపోయే రికార్డు మోగుతుంది. రెండోది మోడలింగ్ పియానో. అందులో రికార్డులేమీ ఉండవు. సుత్తి, తీగ, చెక్క పలక ఎలా కదులుతాయో లెక్క కట్టి ధ్వనిని అప్పటికప్పుడు పుట్టిస్తుంది.

వంద జీబీలు ఎక్కణ్ణుంచి వస్తాయో లెక్క వేద్దాం. ఒక మెట్టును 20 సెకన్లు స్టీరియోలో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో తీస్తే 6 ఎంబీకి కాస్త తక్కువ. 88 మెట్లు, ఒక్కోదానికి 16 స్థాయిలు అంటే 1,408 రికార్డులు. సుమారు 8 జీబీ. అదే వాయిద్యాన్ని అయిదు చోట్ల మైకులు పెట్టి తీస్తే 40. మెట్టు వదిలినా ధ్వని ఆగకుండా పట్టి ఉంచే కాలి పెడల్ తొక్కి మళ్లీ అన్నీ తీస్తే 80. అంటే బరువులో ఎక్కువ భాగం మైకులదే. తీగల దగ్గర మైకు, హాలు చివర మైకు, వాయించేవాడి చెవి దగ్గర మైకు. మీ అమ్మాయి గొంతు పక్కన వాటిలో ఒక్కటే వాడతారు. మిగతావి లాప్‌టాప్‌లో అద్దెకుంటాయి.

నేనూ ఆ మోజులో పడ్డవాణ్ణే. పాతికేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోనూ చవితి పందిళ్లలోనూ కీబోర్డు వాయించాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి కిటికీ రెక్క ఊడి నా కీబోర్డు తడిసి పోయింది. ఇక ఉత్త కంట్రోలర్ (సొంత ధ్వని లేని కీబోర్డు) చాలు, ధ్వని కంప్యూటర్‌లో పెట్టుకుందాం అనుకుని ఓ పేరున్న పెద్ద పియానో కొన్నాను. పదకొండు రాత్రులు డౌన్‌లోడ్ అయింది. మర్రిపాలెంలో మా వెనక గదే నా స్టూడియో. ఒక భక్తిగీతం రికార్డింగుకి గాయని వచ్చి కూర్చున్నారు. పెడల్ తొక్కి నాలుగు కార్డ్స్ (కొన్ని మెట్లు కలిపి ఒకేసారి నొక్కడం) వాయించానో లేదో, పెనంలో ఆవాలు పేలినట్టు చిటపటలు. ఇలాంటి పియానోలు ప్రతి రికార్డులోనూ మొదటి ముక్కని మాత్రమే ర్యామ్‌లో పెట్టుకుని, మిగతాది వాయిస్తుండగా డిస్కులోంచి లాగుతాయి. నాది తిరిగే పాత హార్డ్ డిస్కు, దానికి అంత పరుగు లేదు. ఆవిడకి మూడుసార్లు కాఫీ ఇచ్చాం. చివరికి ఉచితంగా దొరికిన చిన్న పియానోతో పాట పూర్తి చేశాను. ఆ తేడా ఇవాళ్టికీ ఎవరూ పట్టుకోలేదు. మా ఆవిడ మాత్రం ఆ పదకొండు రాత్రుల కరెంటు బిల్లు గుర్తు చేస్తూంటుంది.

ఇప్పుడు మీ గిన్నె, గరిటె సంగతి. నా అనుమానం సాఫ్ట్‌వేర్ మీద కాదు, కీబోర్డు మీద. మెట్టు ఎంత వేగంగా దిగిందో కీబోర్డు 1 నుంచి 127 దాకా ఒక అంకెగా పంపుతుంది. దాన్నే వెలాసిటీ అంటారు. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మిడి ట్రాక్ (ధ్వనిని కాక ఈ అంకెల్ని రాసుకునే ట్రాక్) తెరిచి, ఒకే మెట్టును ఊపిరి బిగబట్టి వీలైనంత మెత్తగా మొదలుపెట్టి, చివరికి కోపం తీర్చుకున్నంత గట్టిగా ఇరవైసార్లు నొక్కి రికార్డు చేయండి. తర్వాత ఆ అంకెలు చూడండి. అన్నీ ఒకే అంకె అయితే మీ కీబోర్డుకి టచ్ (నొక్కిన తీరును గుర్తించే గుణం) లేదు, లేదా సెట్టింగ్స్‌లో ఆపేసి ఉంది. 70కీ 100కీ మధ్యే తిరుగుతుంటే ఇంకో లెక్క వేయాలి. పదహారు స్థాయిల పియానోలో ఒక్కో స్థాయికి సుమారు ఎనిమిది అంకెలు వస్తాయి. అంటే మీ వేళ్లకి పదహారులో నాలుగు స్థాయిలే అందుతున్నాయి, అవి కూడా గట్టివే. మెత్తటి రికార్డులు డిస్కులో నిద్రపోతున్నాయి. గరిటె శబ్దం అక్కణ్ణుంచి వస్తోంది.

కీబోర్డు మెనూలో టచ్ సెన్సిటివిటీ అని ఉంటే దాన్ని మార్చి మళ్లీ ఇరవైసార్లు నొక్కి చూడండి. మెత్తటి దెబ్బకి 20, 30 అంకెలు రావాలి. అక్కడ కుదరకపోతే సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ కర్వ్ (వచ్చిన అంకెల్ని పెంచి తగ్గించే గీత) ఉంటుంది, దాంతో సర్దండి. ఓపిక పట్టి ఒక సాయంత్రం దీని మీద పెట్టండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో పదిమందికి ఎనిమిదిమంది ఈ పని చేయకుండానే మూడో పియానో, నాలుగో పియానో మారుస్తుంటారు.

పెడల్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మీ పదివేలలో మొదటి ఖర్చు అదే. పెడల్ లేని పియానో ఒత్తులు లేని తెలుగులా ఉంటుంది, మీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. కొన్నాక కీబోర్డు ఆన్ చేసేటప్పుడు దాని మీద కాలు పెట్టకండి. చాలా కీబోర్డులు ఆన్ అయిన క్షణంలోనే పెడల్ ఏ రకమో గుర్తుపడతాయి. కాలు ఉంటే తిరగేసి గుర్తుపట్టి, తొక్కితే ఆగడం, వదిలితే మోగడం మొదలుపెడుతుంది. పెడల్ పాడైందని దాన్ని నేనోసారి షాపుకి తీసుకెళ్లి పరువు పోగొట్టుకున్నాను.

ఇక పియానోలు. ముందు సాలమాండర్ గ్రాండ్ పియానో వేసుకోండి. ఉచితం. యమహా సీ5 గ్రాండ్‌ని తీగల పైన రెండు మైకులు పెట్టి తీసింది. పదహారు స్థాయిలున్నాయి. ప్రతి మెట్టునూ తీయలేదు, మూడింటికి ఒకటి తీసి పక్కవాటికి దాన్నే సర్దారు. అందుకే బరువు తక్కువ, మీ 8 జీబీ లాప్‌టాప్ దాన్ని సుబ్బరంగా మోస్తుంది. మెట్టు వదిలినప్పుడు వచ్చే చిన్న చప్పుడు కూడా వేరేగా రికార్డు చేశారు, నిజమనిపించేది అలాంటివే. దీన్ని వాయించడానికి స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్ చాలు. రెండోది స్పిట్‌ఫైర్ అనే కంపెనీ వాళ్ల లాబ్స్ అనే వాయిద్యాల సంకలనంలో ఉన్న సాఫ్ట్ పియానో. అదీ ఉచితమే. గ్రాండ్ పియానో హుందాతనం దానికి లేదు. దగ్గరగా, మెత్తగా, గది చప్పుడుతో సహా వినిపిస్తుంది. లలితగీతానికి, అందులోనూ చిన్నపిల్ల గొంతుకి, నా ఓటు దీనికే. గ్రాండ్ పియానో తళతళ పిల్ల గొంతు మీదకి ఎక్కి కూర్చుంటుంది.

ఈ రెండింటితో నెలరోజులు పాటలు చేయండి. అప్పటికీ వెలితిగా ఉంటే పియానోటెక్ ట్రయల్ దించుకోండి. ఫ్రాన్స్‌లో మోడార్ట్ అనే సంస్థ 2006 నుంచి చేస్తున్న మోడలింగ్ పియానో ఇది. ఇన్‌స్టాల్ చేసే ఫైలు పదుల ఎంబీల్లోనే ఉంటుంది. ట్రయల్‌లో కొన్ని మెట్లు పలకవు, ఇరవై నిమిషాలకి ఆగిపోతుంది, మళ్లీ తెరుచుకోవచ్చు. అందులో ఈ పరీక్ష చేయండి. కింది స్థాయి షడ్జమం (సా) నొక్కి, ధ్వని పూర్తిగా అణిగేదాకా వేలు తీయకండి. ఇప్పుడు పై షడ్జమాన్ని టక్కున కొట్టి వదిలేయండి. కింది తీగ లోపల్నుంచి సన్నగా బదులు పలుకుతుంది. వీణ మీద ఒక తీగ మీటితే పక్క తీగ కదలడం చూసే ఉంటారు, అదే. ఇదే పరీక్ష సాలమాండర్ మీద చేసి చూడండి. ఆ తేడా మీ చెవికి పట్టి, అది మీ పాటకి కావాలనిపిస్తేనే కొనండి. అన్నిటికంటే చిన్న ఎడిషన్ కూడా వంద యూరోల పైమాటే, రూపాయల్లో మీ పదివేలు దాటవచ్చు. ఒంటరి పియానో వాయించేవారికి అది దండగ కాదు. గొంతు, తబలా, వేణువు ఉన్న పాటలో ఆ సన్నటి బదులు ఎవరికీ వినబడదు, నాకూ వినబడదు.

ఇంకొక్క మాట. పాట అయ్యాక ఫోన్‌లో, చిన్న స్పీకర్లో వినండి. హెడ్‌ఫోన్స్‌లో వెడల్పుగా ఉన్న పియానో అక్కడ పల్చబడిపోతే, రెండు మైకుల ధ్వని ఒక దారిలో కలిసి ఒకదాన్నొకటి తినేస్తోందని అర్థం. పియానో ట్రాక్‌ని కాస్త ఇరుకు చేయండి. ఎడమచేయి కింది స్వరాలు కూడా తగ్గించండి. మీ ఎదురింటి అబ్బాయికి నా నమస్కారం చెప్పండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను, గాజువాక. ఉచిత పియానో సాఫ్ట్‌వేర్ (ప్లగిన్) వేశాను. కీ నొక్కాక ధ్వని ఆలస్యంగా వస్తోంది, తాళం తప్పుతోంది. లాప్‌టాప్ మార్చాలా? బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నాను.

జవాబు: బాబూ, జవాబు నీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. మామూలు బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు దాటిపోతుంది. పాట వినడానికి ఫర్వాలేదు, వాయించడానికి పనికిరాదు. వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టు. విండోస్ అయితే ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, బఫర్‌ని (కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే ధ్వని ముక్క) 256కి దించు. 44.1 కిలోహెర్ట్జ్‌లో 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, 256 అంటే సుమారు 6. ఆరు మిల్లీసెకన్లలో ధ్వని గాలిలో రెండు మీటర్లు నడుస్తుంది, అంటే స్పీకర్ రెండు మీటర్ల అవతల పెట్టుకున్నంత తేడా. దానికి తాళం తప్పదు. తప్పితే అది నీదే. చిటపటలొస్తే 512కి పెంచు.

ప్రశ్న: గోపాలపట్నంలో సంగీతం చెబుతాను. మా విద్యార్థిని శ్రుతి ఐదున్నర. పియానో సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) నొక్కితే సహజత్వం పోతుందా? పియానో మీద గమకం పలికించే మార్గం ఉందా?

జవాబు: వాయించేటప్పుడు ట్రాన్స్‌పోజ్ వాడితే ఏమీ పోదు. మీరు ఒక మెట్టు నొక్కితే సాఫ్ట్‌వేర్ ఇంకో మెట్టు రికార్డు తీసి మోగిస్తుంది, అంతే. రికార్డు అయిపోయిన ఆడియోని తీసుకొచ్చి శ్రుతి మారిస్తే మాత్రం పాడవుతుంది, ఆ పని చేయకండి. గమకం సంగతి, పిచ్ వీల్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) తిప్పితే పలుకుతుంది కానీ పియానోకి జలుబు చేసినట్టుంటుంది. దాన్ని గొంతుకే వదిలేయండి. పియానో మీద కింద సా, పా పట్టుకుని, గమకం ఉన్న చోట ఏమీ వాయించకుండా ఉంటే చాలు.

ఒకటి శ్రుతి నుంచి ఐదున్నరకి వెళ్లడానికి అందరూ ప్లస్ 8 (ఎనిమిది మెట్లు పైకి) పెడతారు. మీరు మైనస్ 4 (నాలుగు మెట్లు కిందికి) పెట్టండి. రెండింటికీ శ్రుతి అదే, కానీ పియానో కిందికి దిగి అమ్మాయి గొంతుకి పైన చోటిస్తుంది.