గడ్డం కింద కొవ్వుకు సూదిమందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వయసు 34. ఆరు నెలల్లో 9 కిలోలు తగ్గాను. ముఖం సన్నబడింది కానీ గడ్డం కింది సంచి మాత్రం అలాగే ఉంది. ఇంజెక్షన్ చేయించుకుంటే పోతుందంటున్నారు. నిజమేనా? ఆ మందు లోపలికి వెళ్లి ఏం చేస్తుంది?

జవాబు: ఆ సంచిలో ఉన్నది కొవ్వే అయితే బాగా తగ్గుతుంది. ముందు అది తేల్చుకోవాలి. అద్దం ముందు నిలబడి గడ్డం కింది భాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. అలాగే పట్టుకుని పళ్లు బిగించి, పెదవుల మూలలను కిందికి లాగండి. మెడ ముందు భాగంలో ప్లాటిస్మా అనే పల్చటి కండరం పరుచుకుని ఉంటుంది, అది బిగుసుకుంటుంది. అప్పుడు కూడా వేళ్ల మధ్య మందంగా దొరికితే, కొవ్వు ఆ కండరానికి పైన, చర్మానికి కింద ఉన్నట్టు లెక్క. ఈ మందు ఇవ్వాల్సింది ఆ పొరలోకే. బిగించగానే వేళ్లలోంచి జారిపోతే కొవ్వు కండరం వెనకాల ఉందన్నమాట, అక్కడికి ఈ మందు పంపకూడదు. ఇక వేళ్లకు పల్చటి చర్మమే దొరికి, వదిలాక తీరిగ్గా వెనక్కి వెళ్తుంటే అది చర్మం సాగడమే. మీలాగా బరువు తగ్గినవాళ్లలో ఇది తరచూ ఉంటుంది. అలాంటి చోట ఉన్న కాస్త కొవ్వు కూడా తీసేస్తే చర్మం ఇంకా వేలాడుతుంది. లాలాజల గ్రంథులు, థైరాయిడ్, లింఫ్ గ్రంథులు ఉబ్బినా బయటికి సంచిలాగే కనబడవచ్చు. అందుకే చేత్తో తడిమి చూడకుండా ఫొటో చూసి సరేననే చోటికి వెళ్లకండి.

మందు పేరు డీఆక్సీకోలిక్ ఆసిడ్. మన పైత్యరసంలో ఉండేదే. కాలేయం తయారుచేసిన కోలిక్ ఆసిడ్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా ఇలా మారుస్తుంది. తిన్న కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టడం ఈ ఆసిడ్ పని. అదే పదార్థాన్ని చర్మం కింద ఎక్కిస్తే కొవ్వు కణాల పైపొరను చీల్చేస్తుంది, కణం చిట్లిపోతుంది. వాడుకలో ‘కరిగించడం’ అంటున్నాం గానీ, జరిగేది కావాలని చేసే చిన్న గాయం. ఆ శిథిలాలను ఊడ్చుకుపోవడానికి తెల్లకణాలు వస్తాయి. వాపు, నొప్పి, గట్టిదనం అన్నీ ఆ పనిలో భాగమే. ఊడ్చడం వారాల తరబడి సాగుతుంది కాబట్టే సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య కనీసం నెల ఆగాలి.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో కిబెల్లా పేరుతో దీనికి అనుమతి ఇచ్చింది. అదీ 18 ఏళ్లు నిండినవాళ్లకు, గడ్డం కింద ఓ మోస్తరుగానో ఎక్కువగానో ఉన్న కొవ్వుకు మాత్రమే.

ప్రశ్న: ఒక సిట్టింగులో ఎన్ని సూదులు వేస్తారు? చేసేవాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో మాకెలా తెలుస్తుంది?

జవాబు: ఇందులో కొలతలే ప్రాణం. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఒక్కో పోటుకు 0.2 మిల్లీలీటర్లు, పోటుకూ పోటుకూ మధ్య 1 సెంటీమీటరు. సిట్టింగుకు 50 పోట్లు, అంటే 10 మిల్లీలీటర్లు దాటకూడదు. వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, 2 మిల్లీలీటర్లే ఉంటుంది కాబట్టి లెక్క సులువు: ఎంత ఎక్కువైనా ఐదు వయళ్లు. మొత్తం మీద ఆరు సిట్టింగుల వరకు చేయవచ్చు. ఒక్కసారితో సరిపెట్టుకునేవాళ్లు తక్కువే.

చేసే తీరు ఇలా ఉండాలి. మొదట దవడ ఎముక అంచు, ఆ అంచుకు ఒకటిన్నర సెంటీమీటరు కింద మరో గీత, కింద గొంతు దగ్గర హద్దు, ఇవన్నీ పెన్నుతో గీస్తారు. దవడ అంచుకూ దాని కింది గీతకూ మధ్యనున్న పట్టీలో ఒక్క పోటు కూడా పడకూడదు. కింది పెదవిని కిందికి లాగే నరం ఆ దారినే పోతుంది. తర్వాత చుక్కల అచ్చు ఉన్న కాగితాన్ని తడిపి చర్మానికి అద్దుతారు, హద్దు లోపల పడ్డ చుక్కలే పోట్లు. పదిహేను నిమిషాలు ఐసు పెట్టడమో, మత్తుమందు ఇవ్వడమో చేస్తారు. 30 గేజి (సూది మందం కొలత) లేదా ఇంకా సన్నని సూది, పొడవు అర అంగుళం. రెండు వేళ్లతో కొవ్వును పైకి పట్టుకుని, సూదిని నిలువుగా దించి, కొవ్వు మందంలో సగం లోతున మందు వదులుతారు. మందు వదులుతూ సూదిని వెనక్కి లాగకూడదు. లాగితే చివరి చుక్కలు చర్మంలో పడతాయి, అక్కడే పుండు పడుతుంది. సూది సులువుగా దిగకుండా అడ్డు తగిలితే అది కొవ్వు కాని కణజాలాన్ని తాకినట్టు, గుచ్చిన చోట చర్మం తెల్లబడి బుడిపెలా లేస్తే సూది పైపైనే ఉన్నట్టు. సరైనవాళ్లు వెంటనే ఆపి లోతు సరిచేసుకుంటారు.

హద్దులు గీయకుండా, చుక్కలు పెట్టకుండా సిరంజి పట్టుకున్నారంటే కుర్చీ దిగి వచ్చేయండి. మొహమాటపడక్కర్లేదు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇంజెక్షన్ చేసి నాలుగు రోజులైంది. మెడ కప్పలా ఉబ్బింది, ముట్టుకుంటే తెలియట్లేదంటున్నాడు. నవ్వితే మూతి ఒక పక్కకు పోతోంది. కంగారుగా ఉంది.

జవాబు: వాపు, మొద్దుబారడం అనుకున్నవే. అనుమతికి ముందు చేసిన పరీక్షల్లో ఈ మందు తీసుకున్నవాళ్లలో 87 శాతం మందికి వాపు, 72 శాతానికి కమిలిపోవడం, 70 శాతానికి నొప్పి, 66 శాతానికి మొద్దుబారడం కనిపించాయి. వాపు మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి తర్వాత మెల్లగా దిగుతుంది. స్పర్శ తిరిగి రావడానికి వారాలు పడుతుంది. మధ్యలో గట్టి గడ్డలు చేతికి తగిలితే పిసికి కరిగించాలని చూడకండి. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోమనండి. మొద్దుబారిన చోట నేరుగా ఐసు ఆనించవద్దు, చలి తెలియక చర్మం కాలినట్టవుతుంది.

మూతి మాత్రం వేరే సంగతి. నవ్వినప్పుడు కింది పెదవి ఒక పక్క కిందికి దిగకుండా ఉండిపోతోందేమో చూడండి. అలాగైతే ఆ దవడ నరానికి దెబ్బ తగిలినట్టు. ఇది పరీక్షల్లో 4 శాతం మందిలో వచ్చింది, తగ్గడానికి పట్టిన మధ్యస్థ కాలం 44 రోజులు, అంటే సగం మందికి ఆలోపే తగ్గింది. కొందరికి నెలలు పట్టింది గానీ తనంతట తానే తగ్గింది. ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరుకు ఈ వారమే చూపించండి. నరం పూర్తిగా కోలుకునేదాకా రెండో సిట్టింగు వద్దు.

మింగడం కష్టమైతే అదే రోజు చూపించాలి. ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. చర్మం నీలంగానో బూడిద రంగులోనో మారడం, నల్లటి పెచ్చు కట్టడం, రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరగడం కూడా ఆగి చూసే విషయాలు కావు. ఇంకొక్క మాట: మగవాళ్లలో గుచ్చిన చోట గడ్డం వెంట్రుకలు పలచబడవచ్చు. ఇది ముందుగా చెప్పేవాళ్లు అరుదు.

ప్రశ్న: గడ్డం కింద పనిచేసింది పొట్ట మీద ఎందుకు పనిచేయదు? వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్, ఇదీ ఒకటేనా?

జవాబు: లెక్క వేసి చూడండి. పొట్ట మీద పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు, అంటే అరచేతి కన్నా కాస్త పెద్ద చోటు తీసుకోండి. సెంటీమీటరుకో చుక్క చొప్పున 100 పోట్లు, 20 మిల్లీలీటర్లు. సిట్టింగు పరిమితికి అప్పుడే రెట్టింపు, పొట్ట మాత్రం ఇంకా చాలావరకు మిగిలే ఉంది! పైగా అక్కడ కొవ్వు పొర మందం, ఒకే లోతులో వదిలిన మందు అంతటికీ అందదు. గట్టిగా ఉబ్బిన పొట్ట అయితే అసలు కొవ్వు పేగుల చుట్టూ, పొట్ట కండరాల లోపలి వైపు ఉంటుంది. దాన్ని తాకే సూది లేదు, తాకాలని చూడకూడదు కూడా.

రెండో ప్రశ్నకు: కాదు. సెమాగ్లుటైడ్ లాంటివి ఆకలిని తగ్గించి ఒళ్లంతా బరువు తగ్గిస్తాయి. పొట్ట చర్మం కింద గుచ్చుకున్నంత మాత్రాన పొట్టే తగ్గదు, తొడకు గుచ్చుకున్నా ఫలితం అదే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘లిపో’ అనే పేరుతో వయళ్లు దొరుకుతున్నాయి. సోయాతో చేసినదట, ప్రమాదం లేదంటున్నారు. ఇంట్లో వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ సోయా పదార్థం ఫాస్ఫటైడైల్‌కోలిన్. అది నీళ్లలో కలవదు కాబట్టి కలిపేందుకు డీఆక్సీకోలేట్ (ఇందాక చెప్పిన డీఆక్సీకోలిక్ ఆసిడ్ లవణమే) వేసేవారు. తీరా ప్రయోగశాలలో విడివిడిగా పరీక్షిస్తే కణాలను చిట్లగొట్టేది ఆ కలిపే పదార్థమేనని తేలింది. పేరు సోయాది, దెబ్బ పైత్య లవణానిది. అలాంటి వయల్‌లో అది ఎంత శాతం ఉందో, శుభ్రంగా నింపారో లేదో చీటీ చూసి చెప్పలేం. ఇలాంటి అనుమతిలేని మందుల మీద ఎఫ్‌డీఏ 2010లోనూ, మళ్లీ 2023లోనూ హెచ్చరించింది. శాశ్వతమైన మచ్చలు, ఇన్‌ఫెక్షన్లు, గడ్డలు వచ్చినట్టు ఫిర్యాదులు అందాయి.

శుభ్రత లేని సూదితో వచ్చే చెడ్డ ఇన్‌ఫెక్షన్లలో క్షయ క్రిమి జాతికి దగ్గరి బ్యాక్టీరియా ఒకటుంది. గుచ్చిన వెంటనే ఏమీ తెలియదు. వారాల తర్వాత గుచ్చిన చోటల్లా ఎర్రటి గడ్డలు లేచి చీము కారుతుంది, మామూలు యాంటీబయాటిక్‌కు లొంగదు. చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే, అలాంటి గడ్డ లేస్తే డాక్టరుకు దాచకుండా చెప్పండి, ఆ వయల్ కూడా పారేయకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: 17 ఏళ్లమ్మాయిని. ఫొటోల్లో డబుల్ చిన్ కనిపిస్తోంది. చేయించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. 18 ఏళ్లలోపు వాళ్లలో ఇది సురక్షితమని తేల్చలేదు. పైగా ఫోన్ కింది నుంచి పట్టుకుంటే ఎవరికైనా డబుల్ చిన్ వస్తుంది. కంటి ఎత్తులో పట్టుకుని, పక్క నుంచి ఒకటి తీసి చూసుకో.

ప్రశ్న: రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. చేయించుకుంటే కొవ్వు మళ్లీ వస్తుందా?

జవాబు: మాత్రల వల్ల రక్తం ఎక్కువగా కమ్మి కమిలిపోతుంది. ముందే చెప్పండి, కానీ మీ అంతట మీరు మాత్రలు ఆపకండి. ఆపాలా వద్దా అన్నది వాటిని రాసిన డాక్టరు చెప్పాలి. ఇంతకుముందు మింగడంలో ఇబ్బంది ఉన్నా, మెడకు ఆపరేషన్ జరిగినా అదీ చెప్పాలి. ఇక రెండోది, చిట్లిన కణాలు తిరిగి రావు. మిగిలిన కణాలు ఉన్నాయిగా, బరువు పెరిగితే అవి ఉబ్బుతాయి.