గాజు మీద కణాలు ఊడిపోతున్నాయి, పాలీహెమా మీద అంటుకుంటున్నాయి: ఎక్కడ తేడా వస్తోంది?

మీ ప్రశ్నలో రెండు ఇబ్బందులున్నాయి. 12 మి.మీ. గాజు కవర్‌స్లిప్‌ల (పల్చటి గాజు బిళ్లల) మీద 1 శాతం జిలాటిన్ వేసి 3టీ3 కణాలు (ల్యాబ్‌లో పెంచే ఎలుక కణాలు) పెంచితే రెండో రోజుకల్లా పొరలా లేచి వస్తున్నాయి. అసలు అంటకూడదని పాలీహెమా అనే పాలిమర్ పూత వేసిన వెల్స్‌లోనేమో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) అంచు వెంట అంటుకుంటున్నాయి. నల్లగొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనా అని మీ అనుమానం.

ఫ్లోరైడ్ వల్ల కాదు. లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ గాజును ఏమీ చేయదు. మన బోరు నీళ్లతో చిక్కంతా వాటి కఠినత్వంతోనే. బకెట్ అంచుకు పట్టే తెల్లటి పొరే కంటికి ఆననంత పల్చగా కవర్‌స్లిప్‌కూ పడుతుంది. దాని మీద ఏ కోటింగ్ వేసినా నమ్మకంగా నిలవదు. సబ్బు జిడ్డు మిగిలినా ఇదే గతి.

అందుకే ముందు గాజు సంగతి చూడండి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 83 మి.లీ. కొలిచి మొత్తం లీటరు చేస్తే సుమారు 1 మోలార్ వస్తుంది. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్ వేసుకుని చేయండి. కవర్‌స్లిప్‌లను రాత్రంతా అందులో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో ఐదారుసార్లు కడగండి. ఆ కడుగుళ్లలో ఒక్కటి కూడా కుళాయి నీళ్లతో వద్దు. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి, ఆరబెట్టి, 180 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో ఉంచండి. ఒక కవర్‌స్లిప్ మీద 5 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్ వేసి చూడండి. చుక్క పల్చగా పరుచుకుంటే గాజు శుభ్రమైనట్టే. గుండ్రంగా నిలబడితే మళ్లీ కడగాల్సిందే.

ఇక జిలాటిన్. మీ పొర లేచిపోవడానికి పెద్ద కారణం ఆ 1 శాతమే అని నా అభిప్రాయం. మందంగా వేసిన జిలాటిన్ 37 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరుగుతూ పైనున్న కణాలను కూడా లేపుకుపోతుంది. గాజును అంటిపెట్టుకున్న పల్చటి పొర ఒక్కటే మనకు పనికొచ్చేది. 0.1 నుంచి 0.2 శాతం సరిపోతుంది. గంటసేపు 37 డిగ్రీల్లో ఉంచి, మిగిలిన ద్రవం పూర్తిగా తీసేసి, ఎండనివ్వకుండానే కణాలు వేయండి. చదరపు సెంటీమీటరుకు 20,000 కణాలు చాలు. కిక్కిరిసిపోతే కణాలన్నీ కలిసి ముడుచుకుని, కోటింగ్ బాగున్నా దుప్పటిలా లేస్తాయి.

కణం నేరుగా గాజును పట్టుకోదు. దాని మీద ముందుగా చేరిన ప్రొటీన్‌ను, తన పైపొరలో ఉండే ఇంటిగ్రిన్‌లు అనే ప్రొటీన్లతో పట్టుకుంటుంది. ఫైబ్రోనెక్టిన్ అనే, కణాలు అంటుకునే ప్రొటీన్‌లో ఇంటిగ్రిన్ పట్టుకునే ముక్క అర్జినీన్-గ్లైసీన్-ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుస అని 1984లో తేలింది. జిలాటిన్ పనిచేయడం వెనక కూడా ఫైబ్రోనెక్టిన్ ఉంది, మీడియాలో కలిపే సీరమ్‌లోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని) ఫైబ్రోనెక్టిన్‌ను అది పట్టి ఉంచుతుంది. కాబట్టి స్థోమత ఉంటే నేరుగా ఫైబ్రోనెక్టినే వేయండి. పారాఫిల్మ్ (మైనపు పొర) మీద మి.లీ.కు 20 మైక్రోగ్రాముల ద్రావణం 100 మైక్రోలీటర్లు చుక్కగా వేసి, దాని మీద కవర్‌స్లిప్ బోర్లించి, తడి టిష్యూ ఉన్న డబ్బాలో గంట ఉంచాలి. ఒక్కోదానికి 2 మైక్రోగ్రాములే పడుతుంది, అంటే 1 మి.గ్రా. వయల్ 500 కవర్‌స్లిప్‌లకు వస్తుంది. వోర్టెక్స్ (యంత్రంతో గిరగిరా కలపడం) మాత్రం చేయొద్దు, ప్రొటీన్ పోగులు కట్టి పాడవుతుంది.

పాలీహెమాది పూర్తిగా వేరే కథ. కాంటాక్ట్ లెన్స్‌లలో వాడే పదార్థమే ఇది. నీళ్లు పీల్చుకుని ఉబ్బి, కణాలు పట్టుకునేంత ప్రొటీన్‌ను నిలవనివ్వదు. 95 శాతం ఇథనాల్‌లో మి.లీ.కు 20 మి.గ్రా. చొప్పున వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కదిలిస్తే కరుగుతుంది. 24 వెల్స్ ప్లేట్‌లో ఒక్కో వెల్‌కు 200 మైక్రోలీటర్లు. హుడ్ గాలికి మూత తీసి పెడితే ఇథనాల్ ఒక్కసారిగా ఆవిరై పొర మందం అస్తవ్యస్తమవుతుంది, పల్చబడిన చోట, పగిలిన చోట కణాలు పట్టుకుంటాయి. ఏసీ లేని ల్యాబ్‌లో మే నెలలోనైతే ఇంకా త్వరగా ఆరిపోతుంది. మూత కొద్దిగా తెరిచి, చదునైన చోట, 37 డిగ్రీల దగ్గర 24 నుంచి 48 గంటలు నెమ్మదిగా ఆరనివ్వండి. స్టెరైల్ చేయాలని మళ్లీ ఆల్కహాల్ పోయకండి, పొర మెత్తబడి కరిగిపోతుంది. యూవీ కింద అరగంట పెడితే సరి. గాజు మీద వేస్తే తడిశాక లేచి రావచ్చు, ప్లాస్టిక్ వెల్స్‌లోనే వేయండి.

ఫలితం కొలిచేటప్పుడు ఇంకో పొరపాటు దొర్లుతుంది. ఇంటిగ్రిన్‌కు మెగ్నీషియం, కాల్షియం కావాలి. అవి లేని పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంతో) కడిగితే మంచి కోటింగ్ మీద కణాలూ గుండ్రబడి ఊడుతాయి, తప్పు కోటింగ్ మీదకు పోతుంది. అవి ఉన్న పీబీఎస్‌తోనే, వెల్ గోడ వెంట మెల్లగా పోస్తూ కడగండి. పోల్చడానికి కోటింగ్ లేని గాజు ఒకటి, 1 శాతం బీఎస్ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్, కణాలు దీన్ని పట్టుకోవు) వేసినది ఒకటి పక్కన ఉండాలి. మొదటి గంట సీరమ్ లేని మీడియాలోనే చూడండి. సీరమ్ ఉంటే అందులోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ ఉత్త గాజుకూ పట్టేసి తేడా కనిపించనివ్వవు.