వినపడని పిల్లలకు సైగల భాష నేర్పిస్తే మాటలు రావా?

అక్కా, మీ బాబుకు వినపడదు, సైగలు నేర్పిస్తే ఇగ మాటలే రావని చుట్టాలంటున్నరు, నేర్పాల్నా వద్దా అని అడిగిన్రు కదా. నేర్పండి. బాబుకంటె ముందు మీరు నేర్చుకోండి.

మాది దేవరకొండ దిక్కు, మా చెల్లెకు పుట్టుకతోనే వినపడదు. ఇంట్ల మేం కట్టుకున్న సైగలుండె, అన్నం, నీళ్లు, బర్రె, పండుకో, గంతే. వాటితోని పని నడుస్తది గని నిన్న ఎందుకు ఏడ్చినవ్ అని అడగరాదు. బధిరుల హాస్టల్ స్కూల్ల వేస్తే అక్కడ సార్లు పెదాలు చూసే అర్థం చేసుకోమంటుండిరి, చేతులు ఆడిస్తే కసురుడే. 1880లో ఇటలీల మిలాన్‌ల టీచర్ల సభ ఒకటి వినపడని పిల్లలకు నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానం చేసింది, ఆ పట్టింపు ఇంకా పోలె. మీరే అద్దం ముంగట పాట, బాట, మాట అని సప్పుడు లేకుండ అని చూడండి, మూడిట్లకు పెదాలు ఒక్కతీరే ఆడ్తయి, పిల్ల ఏమని పోల్చుకుంటది? అసలు భాష దానికి హాస్టల్ల పెద్దపిల్లలే నేర్పిన్రు, రాత్రి లైట్లు తీసేదాక.

వాళ్లు వాడేది ఇండియన్ సైన్ లాంగ్వేజ్, దాని గ్రామర్ దానిదే. ఏంది, ఎవరు, ఎక్కడ అనే సైగ వాక్యం చివర్న వస్తది, అవునా కాదా అని అడగాలంటె కనుబొమ్మలు లేపాలె. మా అమ్మకు ఈ మొహం సంగతి జల్ది పట్టుబడ్డది, నాకే చానా టైం పట్టింది. పేర్లు గూడ ప్రతిసారి వేళ్లతోని ఒక్కో అక్షరం చూపిచ్చి చెప్పరు, మనిషిని చూసి సైగ పేరు పెడ్తరు, మా నాయినకు మీసం. చెల్లె పెండ్లిల డీజే సప్పుడుకు మేం చెవుల నోరు పెట్టి ఒర్రుతుంటె దాని వినపడని దోస్తులు స్టేజ్ మీద నుంచి తిండి లైన్ దాక సైగలతోని ఆరాంగ ముచ్చట్లు పెట్టిన్రు.

చెవి మెషిన్ పెట్టించండి, చెవి లోపల మెషిన్ అమర్చే కాక్లియర్ ఆపరేషన్ చేయించండి, సైగలు దేనికీ అడ్డం గాదు. మాటలు ఎంత వస్తయో ముందుగాల ఎవ్వరూ చెప్పలేరు, అప్పటిదాక పిల్లగాడు ఏ భాషా లేకుండ పెరగొద్దు, చిన్నప్పటి వయసు మళ్ల రాదు.

ఢిల్లీల ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ అని ఈ సైగల భాష కోసమే 2015లో పెట్టిన సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ ఉంది, వాళ్ల సైగల డిక్షనరీ 2021ల 10,000 పదాలకు వచ్చింది, వీడియోలు యూట్యూబ్‌ల ఫ్రీ. గని వీడియోలతోనే రాదు, మీ టౌన్ల వినపడని పెద్దోళ్లను దోస్తీ చేసుకోండి, సైగలు జాగ జాగకు కొంచెం మారుతయి కాబట్టి వాళ్లు వాడేవే పట్టండి. పోయేటప్పుడు బాబును గూడ తీస్కపోండి, మీకంటె ముందు వాడే నేర్చుకుంటడు.