అన్నయ్య "నేను లేకపోతే మీకు హాయి" అంటున్నాడు, ఏం చేయాలి?

మీ అన్నయ్య రెండు నెలలుగా సరిగా తినడం లేదని, నిన్న రాత్రి ఆ మాట అన్నాడని రాశారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని తిరిగి అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని భయపడుతున్నారు. అడగండి. ఈరోజే అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉంటే బయటికొస్తుంది. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అక్క భర్త చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేశారు. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బుతో పోయాయి. మేత అప్పు అలాగే ఉండిపోయింది, అక్క బంగారం బ్యాంకుకెళ్ళింది. ఆయన రాత్రిళ్ళు గట్టు మీద పాకలోనే పడుకునేవారు. రొయ్యల చెరువన్నాక ఎవరో ఒకరు పడుకోవాల్సిందే. కరెంటు పోయి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది, వెంటనే జనరేటర్ వేయాలి. అందుకని మాకెవరికీ తేడాగా అనిపించలేదు. చెరువు ఖాళీ అయ్యాక కూడా పాకకే వెళ్తుంటే అప్పుడు అక్కకి అనుమానం వచ్చింది.

నేను వెళ్ళి గంటసేపు ధైర్యం చెప్పాను. అప్పులు ఎవరికి లేవు, పిల్లల మొహం చూడండి అన్నాను. "అలాగేలేవయ్యా" అని అటు తిరిగి పడుకున్నారు. సర్దిచెప్పేశాననుకుని ఇంటికొచ్చేశాను. చాలా నెలల తర్వాత ఆయనే అన్నారు: "పిల్లల మొహం చూడమన్నావు. వాళ్ళకి భారమైపోయాననే కదా నా బాధంతా." ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అక్క మళ్ళీ ఫోన్ చేసి ఏడిస్తే నేను 14416కి చేశాను. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు. సూటిగా అడగమని, ఒంటరిగా వదలొద్దని చెప్పారు. ఆ రాత్రి పాకకి వెళ్ళి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాను. తర్వాత అడిగాను: "బావగారూ, చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?" చాలాసేపటికి "రోజూ అనిపిస్తోంది" అని ఏడ్చేశారు. నేను సలహా ఏదీ ఇవ్వలేదు. "చెప్పి మంచిపని చేశారు, ఈ రాత్రి నేనిక్కడే ఉంటాను" అన్నాను, అంతే.

పాకలో, ఇంట్లో ఉన్న పురుగుమందులు, చెరువు మందులు అన్నీ ఆ రాత్రే తీయించి వేరే వీధిలో చుట్టాలింట్లో పెట్టి తాళం వేయించాం. ఇది మాత్రం మీరు వాయిదా వేయకండి. చచ్చిపోవాలన్న ఊపు వచ్చిన కాసేపు చేతికి ఏదీ అందకుండా ఉంటే మనిషి దక్కుతాడు. తర్వాత వంతులు వేసుకుని ఆయన దగ్గర పడుకున్నాం. "నాకు కాపలా పెట్టారా?" అని కోప్పడ్డారు. అవునండీ, పెట్టాం అన్నాను.

అంతకుముందు ఊళ్ళో ఒకాయన బలానికి ఇంజెక్షన్ చేసి పంపారు, అత్తయ్యగారు దిష్టి తీయించారు. పెద్దవాళ్ళ తృప్తి కోసం దిష్టి తీస్తే తీయనివ్వండి, దానికోసం డాక్టర్‌ని ఆపకండి. మేం మర్నాడే ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగానికి వెళ్ళాం. మందులు పనిచేయడం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందని డాక్టర్‌గారు ముందే చెప్పారు. లేకపోతే పదో రోజుకే పారేసేవారు. బాగుందనిపించినా సొంతంగా ఆపకూడదు. అప్పుల లెక్కలు మాత్రం ఆయనకి నిద్ర పట్టడం మొదలయ్యాకే తీశాం.

కేసు అవుతుందని ఊళ్ళో చాలామంది దాచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కాబట్టి ఏదైనా చేసుకున్నారన్న అనుమానం వస్తే పరువు చూసుకోకుండా వెంటనే 108కి చేయండి.

ఈ రాత్రి ఆయన దగ్గర ఎవరు పడుకుంటారో ముందు తేల్చుకోండి. రేపటికి ఇంకొకరిని కూడా పిలవండి, ఒక్కరే మోయకండి. అడిగాక ఆయనేమన్నారో నాకు చెప్పండి.