ఇల్లినాయ్‌లో బౌంటీ హంటింగ్ వ్యాపారం పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటున్నారు, సెక్యూరిటీ కంపెనీలో పనిచేసిన అనుభవం ఉంది. బెయిల్ మీద బయటికొచ్చి పరారైనవాళ్లను పట్టి అప్పగించే వ్యాపారం పెడదామనుకుంటున్నారు. అక్కడ ఎవరూ చేయట్లేదు కాబట్టి పోటీ ఉండదని మీ లెక్క. అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లో పెట్టొచ్చా అని కూడా అడిగారు.

నేను ఇండియానాలో, కౌంటీ జైలుకు ఎదురుగా ఉన్న ఒక బెయిల్ బాండ్ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. లెక్కలు రాయడానికి చేరితే, కోర్టుకు రానివాళ్ల ఆచూకీ తీసే పని మెల్లగా నా మీద పడింది. సూటిగా చెబుతున్నా, ఇల్లినాయ్‌లో ఈ వ్యాపారం వద్దు. పోటీ లేనిది గిరాకీ లేకే.

ఈ పనికి డబ్బిచ్చేది ప్రభుత్వమని చాలామంది అనుకుంటారు. ఇచ్చేది బాండ్స్‌మన్. నిందితుడి తరఫున కోర్టుకు పూచీ పడేది అతనే. అందుకు సాధారణంగా బాండ్ మొత్తంలో 10 శాతం ఫీజు తీసుకుంటాడు, అది తిరిగి ఇవ్వడు. మనిషి వాయిదాకు రాకపోతే బాండ్ సొమ్ము అతని నెత్తిన పడుతుంది కాబట్టే పట్టి తెచ్చినవాళ్లకు డబ్బిస్తాడు. ఇల్లినాయ్ 1963లోనే ఈ బాండ్ వ్యాపారాన్ని ఎత్తేసింది. 2023 సెప్టెంబర్ 18 నుంచి బెయిల్‌కి డబ్బు కట్టించుకోవడమే మానేసింది. ఇక మీకు కేసు ఇచ్చేదెవరు? విస్కాన్సిన్, కెంటకీ, ఆరెగాన్‌లలోనూ బాండ్ కంపెనీలు లేవు.

ఇండియానా పక్కనే కదా, అక్కడి కేసులు తీసుకుని ఇక్కడ పట్టుకుంటా అంటారేమో. అది ఇంకా ప్రమాదం. వేరే రాష్ట్రంలో ఇచ్చిన బాండ్ షరతులు మీరాడని చెప్పి ఏ రాష్ట్రపు బాండ్స్‌మన్ కూడా ఇల్లినాయ్ గడ్డ మీద మనిషిని బలవంతంగా పట్టుకోకూడదు, తీసుకెళ్లకూడదు అని ఆ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. పట్టుకున్నారంటే కేసు మీ మీదే పడుతుంది. 1872 నాటి టేలర్ వర్సెస్ టెయింటర్ సుప్రీంకోర్టు తీర్పు చూపించి, ఏ రాష్ట్రానికైనా వెళ్లి పట్టుకోవచ్చని వీడియోల్లో చెబుతుంటారు. తీర్పులో ఆ మాట ఉన్నది నిజమే. కానీ ఆ తర్వాత చాలా రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. దేశం దాటితే మరీ కష్టం. 2003లో టీవీ షోతో పేరు తెచ్చుకున్న బౌంటీ హంటర్ డ్వేన్ చాప్‌మన్ మెక్సికో వెళ్లి ఒక రేప్ కేసు దోషిని పట్టుకుంటే, అక్కడి పోలీసులు చాప్‌మన్‌నీ అరెస్టు చేశారు.

మీ వీసా సంగతి రాయలేదు. హెచ్1బీ మీద ఉంటే స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇంకో పని చేయకూడదు. ఆ వీసా మీద తుపాకీ పెట్టుకోవడం కూడా కొద్ది మినహాయింపులు పోను ఫెడరల్ నేరం. ఇది తేలకుండా ఒక్క డాలర్ కూడా ఖర్చు పెట్టకండి.

ఇక లోపలి పని ఎలా ఉంటుందో చెబుతాను. టీవీలో చూపించే తలుపులు బద్దలుకొట్టడాలు మా ఆఫీసులో నేను చూడలేదు. ఉన్నదల్లా ఫైలు, ఫోను. ఫైల్లో నిందితుడి దరఖాస్తు, పని చేసే చోటు, బంధువుల నంబర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా కో-సైనర్ (అంటే నిందితుడి తరఫున బాండ్ కాగితం మీద పూచీగా సంతకం పెట్టినవాళ్లు) సంతకం ఉంటాయి. ఇండియానాలో కోర్టు నోటీసు పంపాక 120 రోజుల్లో మనిషిని అప్పగించాలి. ఆ గడువు దాటితే బాండ్‌లో 20 శాతం జరిమానా, 180 రోజులు దాటితే 30 శాతం, అలా 50 శాతం దాకా పెరుగుతూ పోతుంది. గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీలు ఎర్ర పెన్నుతో చుట్టి ఉండేవి. అవి దగ్గరపడుతుంటే ఆఫీసంతా టెన్షనే.

ఒక కుర్రాడి కేసు బాగా గుర్తుంది. 5,000 డాలర్ల బాండ్. సంతకం పెట్టింది వాళ్ల అమ్మమ్మ, తాకట్టు ఆవిడ కారు కాగితం. నేను ఫోన్ చేస్తే మొదట ఆవిడ ఏమీ తెలియదంది. కారు మాట నేను ఎత్తలేదు. వాడు తనంతట తాను వస్తే జడ్జి చూసే తీరు వేరుగా ఉంటుందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వాడు గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాడు, వాయిదా మరిచిపోయి భయంతో దాక్కున్నాడు అంది. మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసే వచ్చారు. జైలు లాబీలో ఆ అబ్బాయి బెల్టు, బూట్ల లేసులు తీసి ఆవిడకిచ్చాడు. ఫోన్ కూడా ఇచ్చేసేముందు అందులో నంబర్లు చూసుకుంటూ ముంజేతి మీద పెన్నుతో రాసుకున్నాడు, లోపల ఫోన్ ఉండదు కదా. డెప్యూటీ ఇచ్చిన రసీదు తీసుకుని నేను కోర్టు క్లర్కు దగ్గరికి పరుగెత్తాను. బాడీ రిసీట్ అంటారు దాన్ని. బాండ్స్‌మన్‌ని ఒడ్డున పడేసేది ఆ కాగితమే. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. పారిపోయేంత తెలివీ డబ్బూ ఉన్నవాళ్లు తక్కువ.

డబ్బు సంగతి కూడా ఆ కేసుతోనే చూడండి. 5,000 బాండ్ మీద బాండ్స్‌మన్‌కి వచ్చిన ఫీజు 500. పట్టి తెచ్చినవాళ్లకు 10 శాతం ఇచ్చినా ఆ 500 పోయినట్టే. అందుకే ముందు ఆఫీసే ఫోన్లు చేసుకుంటుంది, తేలనివి మాత్రమే బయటికిస్తుంది. మనిషి దొరికితేనే డబ్బు. దొరకకపోతే పెట్రోలు, రాత్రుళ్లు కారులో కూర్చున్న సమయం అన్నీ మీ ఖాతాలోనే.

హైదరాబాద్ ఆలోచన అసలే వద్దు. మన దగ్గర బాండ్ కంపెనీలు లేవు. జామీను ఉన్నవాళ్లకు నష్టం రాకుండా డబ్బిస్తానన్న ఒప్పందాలను కోర్టులు చెల్లనివిగానే చూస్తాయి. ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) వచ్చిందంటే పట్టుకోవాల్సింది పోలీసులే.

మనుషుల ఆచూకీ తీయడమే మీకు ఇష్టమైతే ఇల్లినాయ్‌లోనే దారి ఉంది. పెర్క్ కార్డు (సెక్యూరిటీ, డిటెక్టివ్ ఏజెన్సీల్లో పనిచేయడానికి రాష్ట్రం ఇచ్చే ఉద్యోగి రిజిస్ట్రేషన్ కార్డు) తీసుకుని లైసెన్సు ఉన్న డిటెక్టివ్ ఏజెన్సీలో చేరండి. సొంత డిటెక్టివ్ లైసెన్సుకు అనుభవం చూపించాలి కాబట్టి అక్కడి ఏళ్లు వృథా కావు. లైసెన్సు ఉంటే 20 లక్షలకన్నా తక్కువ జనాభా ఉన్న కౌంటీల్లో కోర్టు సమన్లు అందించడానికి ప్రత్యేక నియామకం అక్కర్లేదు. నేపర్‌విల్ ఉన్న డూపేజ్, విల్ రెండూ అలాంటివే. చికాగో ఉన్న కుక్ కౌంటీలో మాత్రం కోర్టు అనుమతి కావాలి. పరారీవాళ్ల పనే కావాలంటే ఇండియానాకు మారి, అక్కడి ఇన్సూరెన్స్ శాఖ ఇచ్చే రికవరీ ఏజెంట్ లైసెన్సు నిబంధనలు చదవండి. దరఖాస్తు పెట్టేముందే ఒక బాండ్స్‌మన్‌ని కలిసి, కేసులు ఇస్తాడో లేదో అడిగి తేల్చుకోండి.