పాలు తోడుకోని రోజు

చిట్టితల్లీ,

పాడి సహకార సంఘానికి నిన్ను చైర్మన్‌గా ఎన్నుకున్నారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంఘమూ, దాని పాల ప్లాంటూ రెండూ నీ చేతికేనట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు లైటు ఆర్పకుండా వంటింట్లోనే కూచున్నాను. దీనికెందుకొచ్చిన తంటా అనీ అనిపించింది, దీని వయసులో నాకింత ధైర్యం ఉండేదా అనీ అనిపించింది. అందుకే ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ పిన్నీ, ఊఁ పిన్నీ" అంటూ మధ్యలో ఇంకో కాల్ ఎత్తుతావు.

మామూలు సంగతులు ముందు కానిచ్చేస్తాను. లెక్కలు చదవడం నేర్చుకో. చదవని కాగితం మీద సంతకం పెట్టకు. ఖాళీ చెక్కు మీద అసలే పెట్టకు. ఇక కోల్డ్‌రూమ్ తలుపు లోపల్నించి తెరుచుకుంటుందో లేదో ఎవర్నీ అడగొద్దు. బయట ఒక మనిషిని నిలబెట్టి, నువ్వే లోపలికెళ్లి, తలుపు వేయించుకుని చూడు. మొదటిరోజే చూడు. పిడి బిగుసుకుపోయి నేనోసారి లోపల పావుగంట ఉండిపోయాను. అంతకన్నా రాయను, మీ అమ్మ కూడా ఇది చదువుతుంది.

తర్వాత సభ్యుల జాబితా తెప్పించుకో. పేర్లు వేలు పెట్టి చదువు. దాణా కలిపేది, పాలు పితికేది, ఈనే పశువు దగ్గర రాత్రంతా కూచునేది ఆడవాళ్లు. సభ్యత్వం చాలా ఇళ్లలో భర్త పేరునో మామగారి పేరునో ఉంటుంది. ఓటూ ఆయనదే, పాలడబ్బు పడే ఖాతా కూడా ఆయనదే. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వ్యవసాయ శ్రామికుల్లో సగటున 43 శాతం ఆడవాళ్లేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 2011లో లెక్క చెప్పింది. వ్యవసాయ కూలిపనిలో మగవాడికి ఒక డాలరు వస్తే ఆడమనిషికి 82 సెంట్లేనని 2023లో మళ్లీ చెప్పింది. ఇన్ని లెక్కలు చెప్పే ఎఫ్‌ఏఓకే, 1945లో పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క మహిళా డైరెక్టర్ జనరల్ లేదు. నవ్వుకో, కానీ గుర్తుపెట్టుకో.

1992 నుంచి 2002 దాకా ఐక్యరాజ్యసమితి వాళ్ల ప్రపంచ ఆహార కార్యక్రమాన్ని నడిపిన కేథరీన్ బెర్టీని, సాయంగా పంపే తిండి ఆడవాళ్ల చేతికే అందాలని పట్టుబట్టింది. ఇంట్లో వండేదీ పంచేదీ వాళ్లే కదా. 2003లో ఆమెకి వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. జాబితాలో పేరు ఎవరిదైతే బస్తా వాళ్ల చేతికే వస్తుందని ఆవిడకి తెలుసు. ఇంత చిన్న విషయం నా తలకెక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎలా ఎక్కిందో చెబుతాను.

మా సంఘానికి నేను చైర్మన్నయిన కొత్త. ఏ మాట చెప్పినా అందరూ ఒకసారి ప్లాంటు మేనేజరు మొహం చూసి, ఆయన తలూపాకే కదిలేవాళ్లు. ఆయనకి ఇరవై ఏళ్ల అనుభవం. నాకు ఆయన కన్నా గట్టిదాన్ననిపించుకోవాలని పంతం.

ఆరోజు తెల్లవారుజామున ట్యాంకరొచ్చింది. పాలు దించేముందు యాంటీబయాటిక్ పరీక్ష చేస్తారు. పాలలో చిన్న స్ట్రిప్ ముంచి కొన్ని నిమిషాలు ఆగితే రెండు గీతలు పడాలి. మందు ఉంటే ఒక గీత వెలిసిపోతుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి స్ట్రిప్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రెండో గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. "మేడమ్, దించొద్దు. ఇంకోసారి చేసి చూస్తాను" అంది. మేనేజరు స్ట్రిప్ వైపు చూడను కూడా లేదు. "కొత్తపిల్లండీ, చెయ్యి వణికుంటుంది. అవతల సైలో ఖాళీగా ఉంది, లైను ఆగిపోద్ది" అన్నాడు. సైలో అంటే పాలు నిలవుంచే పెద్ద ట్యాంకు.

పదిమంది నా వైపు చూస్తున్నారు. ఆపితే పిరికిదంటారనిపించింది. "దించండి" అన్నాను. ఆ పిల్ల ఒక్కమాట మాట్లాడలేదు. స్ట్రిప్ కోటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పెరుగు తొట్టె మూత తీశాం. గరిటె ముంచితే పాలు పాలలాగే కారిపోయాయి. పులుపు వాసన కూడా లేదు. తోడు వేసిన సూక్ష్మజీవుల్ని ఆ మందు చంపేసింది. పాశ్చరైజర్లో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు నడిపితే రోగం తెచ్చే క్రిములు చస్తాయి గానీ, మందు అంత తేలిగ్గా పోదు. అదే సైలో పాలు అప్పటికే ప్యాకెట్లలో బయటికెళ్లాయి. వ్యాన్లన్నీ వెనక్కి పిలిపించాం. సాయంత్రం దాకా ప్యాకెట్లు చింపి పారబోస్తుంటే, ఆ కాలవ తెల్లగా పారడం చూస్తూ నిలబడ్డాను.

ఆరా తీస్తే ఒక్క ఇంటి ఆవు. పొదుగువాపొస్తే సూది వేయించారు. మందు పాలలోంచి పోయేదాకా ఆగాల్సిన రోజులు ఆగకుండా పాలు పోసేశారు. నేనే వాళ్లింటికెళ్లాను. పాలు పితికే ఆవిడ నా మొహం చూసి ఏడ్చేసింది. "ఎన్ని రోజులాగాలో నాకెవరూ చెప్పలేదమ్మా" అంది. చెప్పారు, వాళ్లాయనకి. శిక్షణకి పిలిచింది సభ్యుల్ని కదా. సభ్యుడాయన. పశువైద్యుడు మాట్లాడిందీ ఆయనతోనే. ఆయన కొట్టంలో అడుగు పెట్టడు.

ల్యాబ్ అమ్మాయి ఆ స్ట్రిప్ తెచ్చి నా బల్లమీద పెట్టింది. వెనకాల తేదీ, టైము రాసి ఉంది. "చెప్పానుగా" అని మాత్రం అనలేదు. తలుపేసుకుని ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను. తప్పు పదిమందిలో చేసి, క్షమాపణ తలుపేసుకుని చెప్పాను చూడు, ఇప్పటికీ అదే గుచ్చుకుంటుంది. రెండు నెలల్లో ఆ పిల్ల వేరేచోటికి వెళ్లిపోయింది. ఆడదాని మాట మీద అందరికీ ఉన్న అనుమానం నాకూ ఉండిందని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

కాబట్టి మొదటి బోర్డు మీటింగులోనే తీర్మానం చేయించు. ల్యాబ్ ఆపమంటే ట్యాంకరు ఆగాలి. రెండో పరీక్ష వచ్చేదాకా మేనేజరు కాదు, నువ్వు చెప్పినా దించకూడదు. నోటిమాటగా వద్దు, మినిట్స్‌లో ఎక్కించు. మీటింగు మాత్రం సాయంత్రం పాలు తీసే వేళకి పెట్టకు. మా సంఘంలో ఎప్పుడూ ఆరింటికే పెట్టేవాళ్లు, ఆడవాళ్లు రావట్లేదని విసుక్కునేవాళ్లు. మధ్యాహ్నానికి మార్చాక కుర్చీలు చాలలేదు.

2026ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది కదా, నిన్ను వేదికల మీదికి పిలుస్తారు. వెళ్లు, ఫోటోలు దిగు, నాకూ పంపు. కానీ పూలగుత్తి పట్టుకుని అక్కడే తిరక్కుండా ప్లాంటుకి రా. నువ్వసలే పొగిడితే కరిగిపోయే రకం. కోప్పడకు, నీ పోలిక నాదే.

ఇంకోటి. ప్లాంటులో ఇచ్చే గమ్‌బూట్లు మగవాళ్ల కొలతలవి. నేను రెండు సైజులు పెద్దవి వేసుకుని, లోపల గుడ్డలు కుక్కుకుని నెట్టుకొచ్చాను. అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు. తడినేల మీద పడ్డ రోజు నుంచి నా ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేను. అక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ సరైన కొలతలవి తెప్పించు. నీ జత మాత్రం నేను కొంటాను. తెల్లకాగితం మీద పాదం పెట్టి, చుట్టూ గీత గీసి పంపు. రెండు పాదాలవీ గియ్యి. నీ ఎడమది కాస్త పెద్దది, చిన్నప్పుడు చెప్పులు కొన్నప్పుడల్లా ఏడ్చేదానివి.

నీ పిన్ని